పేరు తర్వాత వచ్చే మాట

నా కంప్యూటర్‌లో ‘పేర్లు’ అని ఒక ఫోల్డరు ఉంది. సెర్చ్ పెట్టెలో ఎవరో ఒక రాజకీయ నాయకుడి పేరు టైపు చేసి, ఎంటర్ నొక్కకుండా ఆగి, దాని కింద జారిన జాబితాను తీసిపెట్టుకున్న స్క్రీన్‌షాట్లు తప్ప అందులో మరేమీ లేవు. ఏ తేదీన, ఏ దేశంలో ఉన్నట్టుగా, ఏ భాషలో, ఏ సెర్చ్ ఇంజన్‌లో అడిగానో ప్రతి ఫైలు పేరులోనూ రాసి ఉంటుంది. ఇది పరిశోధన అని చెప్పుకునే సాహసం చేయను. ఒక వాదనలో చిత్తుగా ఓడిపోయాక మొదలైన అలవాటు ఇది.

ఆ వాదన సంగతి చెప్పాలి. ఒక దేశాధ్యక్షుడి పేరు కొట్టగానే పక్కన ‘అనారోగ్యం’ అన్న మాట వస్తోందని, అంటే లోకమంతా ఆయన ఆరోగ్యం గురించే ఆరా తీస్తోందని, అధికారికంగా చెప్పకపోయినా జనానికి విషయం తెలిసిపోయిందని ఒక మిత్రుడితో గట్టిగా వాదించాను. వేరే దేశంలో ఉండే ఆయన తన తెర మీద అలాంటిదేమీ లేదన్నాడు. మీ దేశంలో దాచేస్తున్నారని నేను, నీ ఊహ నీ కంటికి కనిపిస్తోందని ఆయన, కాసేపు అలా నడిచింది. చివరికి ఆయన కోరిక మీద నా తెరను ఫొటో తీసి పంపబోతూ పరికించి చూస్తే, ఆ వరుసకు ఎడమ పక్కన చిన్న గడియారం బొమ్మ ఉంది. అంతకు ముందు వారం నేనే వెతికిన మాటను నాకే తిరిగి చూపిస్తున్నప్పుడు పెట్టే గుర్తు అది. లోకం అడిగిన ప్రశ్న అనుకున్నది నా ప్రశ్నే. ఫొటో పంపలేదు. తప్పు ఒప్పుకున్నాను, కానీ ఆ రోజు నుంచి ఆ పెట్టెను మామూలుగా చూడలేకపోతున్నాను.

గూగుల్‌లో ఈ సదుపాయం 2004 డిసెంబరులో ‘గూగుల్ సజెస్ట్’ అనే పేరుతో ప్రయోగంగా మొదలైంది. కెవిన్ గిబ్స్ అనే ఇంజనీరు, తన రోజువారీ పని కాకుండా సొంత ఆలోచనల కోసం కంపెనీ ఇచ్చే సమయంలో దీన్ని తయారుచేశాడు. 2008లో అది ప్రధాన పేజీలోకి వచ్చి అందరికీ అలవాటైంది. మొదట్లో ‘సజెస్ట్’ అన్నవారే తర్వాత ఆ మాట వదిలేసి, ఇవి సూచనలు కావు, అంచనాలు అని చెప్పడం మొదలుపెట్టారు. మీరు ఏం అడగబోతున్నారో మేము ఊహిస్తున్నాం తప్ప ఇది అడగండని చెప్పడం లేదు అన్నది వారి భావం. దీనివల్ల టైపు చేసే శ్రమ సగటున నాలుగో వంతు తగ్గుతుందని, ప్రపంచమంతా కలిపి లెక్కిస్తే రోజుకు 200 ఏళ్లకు పైగా టైపింగ్ సమయం ఆదా అవుతుందని 2018లో వారు రాశారు. ఆ లెక్కను నేను కాదనను. కానీ ‘సూచన’ నుంచి ‘అంచనా’కు మారడం ఒట్టి మాటల మార్పు కాదనిపిస్తుంది. సూచన చేసినవాడికి బాధ్యత ఉంటుంది. అంచనా వేసినవాడు, జనం అలా అడిగారు కనుక నేనిలా ఊహించాను అని తప్పుకోవచ్చు. ఒకరి పేరు పక్కన ‘మోసగాడు’ అన్న మాట కనిపించినప్పుడు ఈ తేడా కోర్టు దాకా వెళ్లింది. దానికి తర్వాత వస్తాను.

అంచనా వేయడానికి వారు తీసుకునే సరుకు ప్రధానంగా నాలుగు చోట్ల నుంచి వస్తుంది: మీరు వాడే భాష, మీరు ఉన్న చోటు, ఆ గంటలో హఠాత్తుగా పెరిగిన ఆసక్తి, మీ పాత వెతుకులాటలు. చివరిదాన్ని తొలగించడం తేలిక. ఖాతాలోంచి బయటికొచ్చి, చరిత్రను గుర్తుపెట్టుకోని ప్రైవేట్ విండో తెరిస్తే చాలావరకు పోతుంది. చోటును మార్చడమే కష్టం. ఒకప్పుడు జర్మనీ గూగుల్ చిరునామా కొడితే జర్మనీ వారికి కనిపించేది, ఫ్రాన్సు చిరునామా కొడితే ఫ్రాన్సు వారికి కనిపించేది ఇక్కడ కూర్చునే చూడగలిగేవాళ్లం. 2017 అక్టోబరు చివర్లో గూగుల్ ఆ పద్ధతి మార్చేసింది. మీరు ఏ చిరునామా కొట్టినా మీరు ఎక్కడ ఉన్నారో దాన్నిబట్టే ఫలితాలు ఇవ్వడం మొదలైంది. అప్పటి నుంచి నాలాంటివాళ్లు చిరునామా చివర దేశాన్ని సూచించే ‘జీఎల్’, భాషను సూచించే ‘హెచ్ఎల్’ అనే రెండు సంకేతాలను చేత్తో మార్చుకుంటూ కాలం గడుపుతున్నారు. ఇది అచ్చంగా ఆ దేశంలో కూర్చుని చూసినట్టు కాదు. కిటికీలోంచి పక్కింటి టీవీ చూడటం లాంటిది. బొమ్మ కనిపిస్తుంది, కొంత మనకు అందదు.

అలా చూస్తున్నా ఒక సంగతి పదే పదే కనిపిస్తుంది. ఒక దేశ ప్రధాని పేరును ఆ దేశంలోనే ఉన్నట్టుగా అడిగినప్పుడు పక్కన వచ్చే మాటలు పనికి సంబంధించినవి: నిన్నటి ప్రసంగం, కొత్త పథకం, నియోజకవర్గం, మంత్రివర్గం, ఫిర్యాదు పంపడానికి చిరునామా. పొరుగు దేశంలో ఉన్నట్టుగా అడిగితే సరిహద్దు, పర్యటన, తమ నాయకుడితో సమావేశం వంటివి పైకి వస్తాయి. సముద్రాలు దాటి దూర దేశానికి వెళ్లి అడిగితే వయసు, ఎత్తు, భార్య, మతం, ఆస్తి. దూరం పెరిగిన కొద్దీ నాయకుడు పదవిలోంచి శరీరంలోకి దిగిపోతాడు. విదేశీ నేతల ఎత్తు మీద మనుషులకు ఇంత ఆసక్తి ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. బహుశా టీవీలో ఇద్దరు నేతలు కరచాలనం చేసుకోవడం చూసినప్పుడు ముందుగా పుట్టే ప్రశ్న అదేనేమో.

శరీరం దగ్గరికి దిగడమన్నది ఆడా మగా అందరికీ ఒకేలా జరగదు. జర్మనీ రాజకీయ నాయకుల పేర్ల మీద గూగుల్, బింగ్, డక్‌డక్‌గో అనే సెర్చ్ ఇంజన్లలో వచ్చే సూచనలను కొందరు పరిశోధకులు పోగుచేసి చూసినప్పుడు, మహిళా నేతల పేర్ల పక్కన వ్యక్తిగత విషయాలు కొంత ఎక్కువగా రావడం గమనించారు. సొంత దేశంలోనే ఒక మహిళా నేత, పురుషుడైన నేత దూర దేశంలో ఎలా కనిపిస్తాడో అలా కనిపిస్తోందని దీన్ని నేను నా లెక్కలోకి మార్చుకుంటాను.

భారతదేశం విషయంలో ఆ జాబితాకు మరో మాట చేరుతుందని తెలుగు పాఠకులకు చెప్పనక్కర్లేదు. 2016 ఆగస్టులో రియో ఒలింపిక్స్‌లో పి.వి. సింధు పతకం వైపు సాగుతున్న రోజుల్లోనే ఆమె పేరుకు ‘కులం’ అన్న మాట జతచేసి వెతికినవారి సంఖ్య ఎంతగా పెరిగిందంటే, అది జాతీయ పత్రికల్లో వార్త అయింది. ఆమె క్రీడాకారిణి, ఓట్లు అడిగిన మనిషి కాదు. నాయకుల పేర్ల దగ్గర ఆ మాట ఇంకా మామూలు. అదే నాయకుడి పేరును వేరే దేశంలో ఉన్నట్టుగా అడిగినప్పుడు ఆ మాట జారిపోయి దాని స్థానంలోకి ‘మతం’ రావడం నా ఫోల్డరులో చాలాచోట్ల ఉంది. ప్రశ్న వెనకున్న కుతూహలం ఒకటే, వాడే కొలబద్ద దేశాన్నిబట్టి మారుతుంది.

లిపి సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఒకే నాయకుడి పేరును ఇంగ్లిష్ అక్షరాల్లో కొడితే ఒక మనిషి, తెలుగు అక్షరాల్లో కొడితే ఇంకో మనిషి వస్తాడు. ఇంగ్లిష్ అక్షరాలతో వచ్చే జాబితా నిండుగా, ఏ రోజుకారోజు మారుతూ ఉంటుంది. తెలుగు లిపిలో వచ్చే జాబితా తరచూ పొట్టిగా ఉంటుంది, పాత మాటలు చాలాకాలం కదలకుండా ఉంటాయి. ఆ లిపిలో వెతికేవారు తక్కువ కావడమే ఇందుకు కారణమని నేను అనుకుంటాను. పలుచటి జనసమూహంలో ఒకరిద్దరు అరిచినా వినిపించినట్టు, తక్కువ మంది వెతికే భాషలో కొద్దిపాటి వెతుకులాటకే ఒక మాట పైకి రావచ్చు, వచ్చినది తొందరగా పోకపోవచ్చు. తెలుగు జాబితా చూసి తెలుగువారంతా ఇలా అనుకుంటున్నారు అని రాసే వార్తలు నాకు అందుకే నచ్చవు.

ఇప్పటిదాకా చెప్పినది జనం చేసే మార్పు. చట్టం చేసే మార్పు వేరు, అది యూరప్‌లో స్పష్టంగా కనిపిస్తుంది. ఇటలీలో ఒక వ్యక్తి పేరు పక్కన ‘మోసగాడు’ అన్న అర్థమిచ్చే మాట వస్తున్నందుకు 2011లో మిలాన్ కోర్టు గూగుల్‌ను బాధ్యురాలిగా నిలబెట్టింది. ఫ్రాన్సులో 2012లో జాతివివక్షకు వ్యతిరేకంగా పనిచేసే ఎస్ఓఎస్ రాసిస్మ్ తదితర సంఘాలు కోర్టుకెక్కాయి. ప్రముఖుల పేర్లు కొడితే పక్కన ‘యూదుడు’ అన్న మాట వస్తోందని, మనుషులకు మతాన్ని అంటించి జాబితా తయారుచేయడం అక్కడి చట్టం ఒప్పుకోదని వారి వాదన. ఆ పేర్లలో ఆ ఏడాదే అధ్యక్షుడిగా ఎన్నికైన ఫ్రాన్స్వా ఓలాండ్ పేరు కూడా ఉంది. ఆ వివాదం ఆ ఏడాదే మధ్యవర్తిత్వంతో ముగిసింది. గమనించాల్సింది ఏమిటంటే, ఒక దేశంలో కేవలం కుతూహలంగా చలామణీ అయ్యే ప్రశ్న మరో దేశంలో చట్టవిరుద్ధమైన పట్టికగా కనిపిస్తుంది. యంత్రానికి రెండూ ఒకటే.

వీటన్నిటిలో నేను ఎక్కువసార్లు తిరగేసేది బెటీనా వుల్ఫ్ ఉదంతం. ఆమె భర్త క్రిస్టియాన్ వుల్ఫ్ 2010లో జర్మనీ అధ్యక్షుడయ్యాడు, ఇంటి రుణం వ్యవహారంతో మొదలైన వివాదంలో 2012 ఫిబ్రవరిలో రాజీనామా చేశాడు. ఈ లోపల ఆమె గతం గురించి రాజకీయ వర్గాల్లో ఒక పుకారు నడిచింది. దానికి ఆధారం లేదు, ఆమె ప్రమాణపూర్వకంగా ఖండించింది, రాసిన పత్రికలు, బ్లాగర్లు కొందరు వెనక్కి తగ్గారు. కానీ పుకారు విన్న ప్రతివాడూ ఇంటికి వెళ్లి చేసేది ఒకటే: ఆమె పేరు కొట్టి, పక్కన విన్న మాట కొట్టి చూడటం. అలా చూసినవారి సంఖ్య పెరిగేకొద్దీ, ఏ పుకారూ వినని మనిషి ఒట్టి పేరు కొట్టినా పక్కన ‘వేశ్య’, ‘ఎస్కార్ట్’ అన్న అర్థమిచ్చే మాటలు కనిపించసాగాయి. వాటిని చూసినవాడు ఇదేమిటని నొక్కుతాడు, ఆ నొక్కు మళ్లీ లెక్కలోకి వెళ్తుంది. అడిగినవాడి అనుమానం, అడగనివాడికి సమాచారంగా మారే ఈ తిరకాసు మరెక్కడా ఇంత స్పష్టంగా దొరకదు. 2012 సెప్టెంబరులో ఆమె హాంబర్గ్‌లో గూగుల్ మీద దావా వేసింది. దావా వార్త ప్రపంచమంతా పాకింది, అప్పటిదాకా ఆమె పేరే తెలియని దేశాల వాళ్లు కూడా అదే మాట కొట్టి చూసి ఉంటారనడంలో నాకు సందేహం లేదు.

ఆమె కేసు తీర్పు దాకా వెళ్లలేదు, 2015లో ఇరుపక్షాలూ రాజీపడ్డాయి. కానీ అంతకు ముందే, 2013 మే 14న, జర్మనీ అత్యున్నత సివిల్ న్యాయస్థానం మరో కేసులో దారి వేసింది. ఒక వ్యాపారి పేరు పక్కన ‘సైంటాలజీ’ (వివాదాస్పదమైన ఒక మత సంస్థ పేరు), ‘మోసం’ అన్న మాటలు వచ్చిన కేసు అది. ప్రతి మాటనూ ముందుగానే తనిఖీ చేయాల్సిన పని సెర్చ్ ఇంజన్‌కు లేదు, కానీ ఇది వ్యక్తిత్వ హక్కును దెబ్బతీస్తోందని తెలియజేశాక తొలగించే బాధ్యత ఉంది అని కోర్టు చెప్పింది. యంత్రం తనంతట తాను చేసింది అన్న మాట అక్కడ చెల్లలేదు. జనం అడిగిన ప్రశ్నలను జనానికే చూపించాం అన్న వాదన వినడానికి సబబుగానే ఉంటుంది, కానీ పేరు పక్కన మాట పెట్టి చూపించడం ఒక వాక్యం చెప్పడంతో సమానమని ఆ న్యాయమూర్తులు గ్రహించారు. పేరుకూ మాటకూ మధ్య క్రియాపదం లేకపోయినా పాఠకుడు దాన్ని పూరించుకుంటాడు.

చైనా కథ దీనికి పూర్తిగా తలకిందులు. ఇక్కడ ఫిర్యాదు చేసేది పేరు పోయిన మనిషి కాదు, ప్రభుత్వం. గూగుల్ 2010లో అక్కడి సెర్చ్ సేవను మూసుకుని హాంకాంగ్‌కు మళ్లించింది, మైక్రోసాఫ్ట్ వారి బింగ్ మాత్రం నిబంధనలకు లోబడి ఉండిపోయింది. 2021 డిసెంబరులో చైనాలో బింగ్ తెరిచినవారికి ఒక ప్రకటన కనిపించింది: సూచనల సదుపాయాన్ని 30 రోజులు ఆపేస్తున్నాం. 2022 మార్చిలో మరోసారి, ఈసారి ఏడు రోజులు. ఒక దేశ ప్రభుత్వం వెబ్‌సైట్లను మూయించడం కొత్తకాదు, వార్తలను ఆపించడమూ కొత్తకాదు. జనం టైపు చేస్తుండగా కింద జారే ఆ నాలుగు వరుసలను ప్రత్యేకంగా పట్టించుకుని వాటినే ఆపించడం మాత్రం, ఆ వరుసల బలం ఎంతో అధికారంలో ఉన్నవారికి బాగా తెలుసు అని చెప్పకనే చెబుతోంది.

ఆ నిశ్శబ్దం సరిహద్దు దగ్గర ఆగలేదన్నది ఇంకా ఆసక్తికరం. టొరంటో విశ్వవిద్యాలయంలోని సిటిజన్ ల్యాబ్ 2022 మేలో ఒక నివేదిక ప్రచురించింది. అమెరికా, కెనడాలలో కూర్చుని బింగ్‌లో వేల పేర్లు వెతికి చూస్తే, కొన్ని పేర్లకు అసలు సూచనలే రావడం లేదు. వాటిలో కొన్ని అశ్లీల పదాల జల్లెడలో చిక్కుకున్నవి. మిగిలినవాటిలో పెద్ద భాగం చైనా రాజకీయాలకు సంబంధించినవి: దేశాధినేత షీ జిన్‌పింగ్, నోబెల్ శాంతి బహుమతి పొందిన అసమ్మతివాది లియు షియావోబో వంటి పేర్లు, చైనా లిపిలోనూ ఇంగ్లిష్ అక్షరాల్లోనూ. పాలకుడి పేరు, ఆ పాలన జైల్లో పెట్టిన మనిషి పేరు, రెండూ ఒకే మౌనంలో పక్కపక్కన ఉండటం చూస్తే, పొగడ్త, తెగడ్త అనే తేడా లేకుండా పేరే ప్రమాదమని యంత్రానికి నేర్పినట్టుంది. అమరికలో పొరపాటు జరిగిందని, సరిదిద్దామని మైక్రోసాఫ్ట్ చెప్పింది. అంతకు ఏడాది ముందు, 2021 జూన్ 4న, 1989 తియానన్మెన్ అణచివేత వేళ బీజింగ్‌లో ట్యాంకుల ముందు నిలబడిన మనిషి బొమ్మ ప్రపంచమంతటా బింగ్‌లో మాయమైనప్పుడు కూడా మానవ తప్పిదమనే చెప్పారు. అబద్ధమని నేను అనను. కానీ ఒక దేశం కోసం కట్టిన జల్లెడ గోదాములో ఉన్నప్పుడు, పొరపాటున అది మరో దేశపు మూతికి తగులుకోవడానికి వీలుంటుంది. కట్టకపోతే ఆ పొరపాటు కూడా జరగదు.

ఇక కాలం సంగతి. సూచనలు కాలంతో మారడానికి మామూలు కారణం వార్తలే. ఎవరికీ తెలియని మనిషి పార్టీ అభ్యర్థి అయిన రోజున ‘ఎవరు’, ‘వయసు’ వస్తాయి, పదవిలోకి రాగానే ‘జీతం’, ‘నివాసం’ వస్తాయి, కుంభకోణం బయటపడితే మిగిలినవన్నీ కిందికి జరిగి ఆ ఒక్క మాట పైకి వస్తుంది. ఇది ఎవరైనా ఊహించగలిగేదే కనుక దీని మీద ఎక్కువ చెప్పను. ఊహించలేనిది నియమాలు మారడం వల్ల వచ్చే మార్పు, ఎందుకంటే అది బయటికి కనిపించదు. నిన్న ఉన్న మాట నేడు లేదంటే జనం మరిచిపోయారా, కంపెనీ తీసేసిందా అన్నది తెరను చూసి చెప్పలేం.

2016 అమెరికా ఎన్నికల వేళ జరిగిన రభస దీనికి మంచి ఉదాహరణ. ఆ జూన్‌లో సోర్స్‌ఫెడ్ అనే యూట్యూబ్ చానల్ ఒక వీడియో పెట్టింది. హిల్లరీ క్లింటన్ పేరు కొట్టి, పక్కన సీ, ఆర్, ఐ అనే మూడక్షరాలు కొట్టండి. బింగ్‌లో, యాహూలో ‘క్రిమినల్ ఛార్జెస్’ వస్తుంది. గూగుల్‌లో ‘క్రైమ్ రిఫార్మ్’, ‘క్రైసిస్’ వస్తాయి. ఐ, ఎన్, డీ కొట్టండి. అభియోగపత్రం అనే అర్థమిచ్చే ‘ఇండైట్‌మెంట్’ రావలసిన చోట ఇండియానా రాష్ట్రం పేరు వస్తుంది. గూగుల్ ఆమెను గెలిపించడానికి ప్రయత్నిస్తోందన్నది ఆ వీడియో తేల్చిన మాట. చూసినవాడికి ఎవరికైనా అలాగే అనిపిస్తుంది, నేనూ మొదట నమ్మాను. గూగుల్ ఇచ్చిన జవాబు ఏమిటంటే, ఏ మనిషి పేరు పక్కనైనా కించపరిచే మాటలు చూపించకపోవడం తమ నియమమని. డొనాల్డ్ ట్రంప్ పేరు పక్కన కూడా అలాంటి మాటలు రావడం లేదని పలువురు కొట్టి చూపించారు. అంటే నియమం ఇద్దరికీ ఒకటే, కానీ ఒకరి మీద దర్యాప్తు నడుస్తున్నప్పుడు దర్యాప్తు అన్న మాటను కూడా కించపరిచే మాటగా లెక్కిస్తే, సమానమైన నియమం సమానమైన ఫలితం ఇవ్వదు. వీడియో చేసినవారి ఆరోపణ నిలవలేదు. వారు చూపించిన తెర మాత్రం నిజమైనదే. ఈ రెండింటినీ కలిపి మనసులో పెట్టుకోవడం జనానికి ఎందుకో కష్టంగా ఉంటుంది.

తర్వాతి ఎన్నికల నాటికి జల్లెడ ఇంకా సన్నబడింది. 2020 సెప్టెంబరులో గూగుల్ ఒక కొత్త నియమం ప్రకటించింది: ఏ అభ్యర్థికి గానీ పార్టీకి గానీ అనుకూలంగానో వ్యతిరేకంగానో ఉన్నట్టు అర్థం చేసుకోగల సూచనలు తీసేస్తాం, ఓటు వేసే పద్ధతి గురించిన ప్రకటనలాంటి సూచనలు కూడా తీసేస్తాం. ఫోన్ ద్వారా ఓటు వేయవచ్చు అన్నదీ రాదు, ఫోన్ ద్వారా ఓటు వేయలేరు అన్నదీ రాదు. రెండో మాట నిజం కదా, దాన్నెందుకు తీయాలి అని నాకు చాలాకాలం అనిపించేది. నిజానిజాలు తేల్చే పని నెత్తిన వేసుకోవడం కంటే రెండింటినీ తుడిచేయడం కంపెనీకి సుఖం. తీర్పు చెప్పాల్సిన చోట ఊరుకోవడాన్ని తటస్థత అని పిలుస్తున్నారు.

ఊరుకోవడం కూడా ఒక్కోసారి ఎంత పెద్దగా వినిపిస్తుందో 2024 జూలైలో తెలిసింది. ఆ నెల 13న పెన్సిల్వేనియాలోని బట్లర్‌లో ట్రంప్ మీద కాల్పులు జరిగాయి. లోకమంతా అదే వెతుకుతోంది. హత్యాయత్నం అనే మాటతో మొదలుపెట్టి గూగుల్‌లో టైపు చేసినవారికి మాత్రం రీగన్ మీద జరిగినది, ట్రూమన్ మీద జరిగినది వచ్చాయి, రెండు వారాల కింద జరిగినది రాలేదు. రాజకీయ హింసకు సంబంధించిన సూచనలను ఆపే పాత రక్షణ ఒకటి ఉందని, అది కాలానికి తగ్గట్టు మారలేదని కంపెనీ వివరణ ఇచ్చింది. అదే రోజుల్లో ‘ప్రెసిడెంట్ డొనాల్డ్’ అని కొట్టినవారికి డొనాల్డ్ డక్, డొనాల్డ్ రీగన్ అనే పేర్లు వచ్చాయి. ఈ రెండో ఆయన రొనాల్డ్ రీగన్ దగ్గర ఆర్థిక మంత్రిగా చేసినవాడు, ఏనాడూ అధ్యక్షుడు కాడు. ఇంటి పేరు కూడా తెలుగులో ఒకేలా కనిపిస్తుంది తప్ప ఇంగ్లిష్ రాతలో వేరు. ఇది సాంకేతిక లోపమని, ఒబామా వంటి మాజీ అధ్యక్షుల పేర్లకూ ఇలాగే జరిగిందని చెప్పారు. అయి ఉండవచ్చు. కానీ ఏ నియమాలు ఎప్పుడు, ఏ దేశంలో, ఏ పేర్ల మీద పనిచేస్తున్నాయో బయటివాడికి చూసే వీలు లేనప్పుడు, లోపాన్ని లోపమని నమ్మించడం కూడా కంపెనీకి కష్టమే. ఆ కష్టం వారు కొని తెచ్చుకున్నది.

చూసే వీలు లేదంటే పూర్తిగా లేదని కాదు. గూగుల్ ట్రెండ్స్ అనే సేవలో 2004 నుంచి ఏ మాట ఎంత వెతికారో సున్నా నుంచి వంద వరకూ ఉన్న కొలతలో చూడవచ్చు. ఒక పేరుతోపాటు జనం వెతికిన ఇతర మాటలు కూడా అక్కడ ఉంటాయి. అక్కడ ఎత్తున ఉన్న మాట సూచనల జాబితాలో లేకపోతే మధ్యలో ఎవరో చెయ్యి పెట్టారని అనుమానించవచ్చు. అనుమానమే, రుజువు కాదు. ఆ కొలత కూడా కొంత వడకట్టినదే. కానీ వెతుకులాట చరిత్ర అక్కడైనా ఉంది. సూచనల చరిత్ర ఎక్కడా లేదు. పాత వెబ్ పేజీలను దాచే ఆర్కైవ్‌లో 2012 నాటి గూగుల్ మొదటి పేజీ దొరుకుతుంది, ఖాళీ పెట్టెతో సహా. ఆ పెట్టెలో బెటీనా వుల్ఫ్ పేరు కొడితే ఆనాడు ఏం జారేదో అందులో ఉండదు, ఎందుకంటే ఆ జాబితా పేజీలో భాగం కాదు, మీట నొక్కిన క్షణంలో వేరే చోటు నుంచి వచ్చి ఆ క్షణంతోనే పోయేది. ఒక తరం మొత్తం తన నాయకుల గురించి ఏ మాటతో ఆలోచించడం మొదలుపెట్టిందో చెప్పే ఆధారం, ఎవరో ఫొటో తీసి ఉంటే తప్ప మిగలదు.

అందుకే నా ఫోల్డరు. ఈ మధ్య ఫైలు పేర్లలో కొత్తగా ‘ఖాళీ’ అన్న మాట కూడా చేర్చాను. పేరు కొట్టాక కింద ఏమీ జారకపోతే ఒకప్పుడు ఆ తెరను తీసేవాణ్ని కాను, తీయడానికి ఏముందని. ఇప్పుడు వాటినే ముందుగా తీస్తున్నాను.

మొన్న ఆ పాత మిత్రుడికి ఒక పేరు పంపి, నీ దగ్గర ఏం వస్తోందో చూసి చెప్పమన్నాను. ప్రైవేట్ విండోలో చూడు, గడియారం బొమ్మ లేకుండా చూసుకో అని కూడా రాశాను, ఆయన నవ్వు బొమ్మ పెట్టాడు. కాసేపటికి ఆయన తెర వచ్చింది. ఆయన జాబితాలో ఎనిమిది వరుసలు, నా జాబితాలో మూడు. నా మూడింటిలో ఒకటి ఆ నాయకుడి పార్టీ, ఒకటి మొన్నటి సభ. ఆయన ఎనిమిదింటిలో ఆ రెండూ లేవు. రెండు తెరల మీదా ఉన్నది ఒకే ఒక్కటి: ఎత్తు.